ఫోనులో ప్రార్థనా సహాయం: ఆరు నెలలు వాడిన తరువాత నా అభిప్రాయం

ఇరవై నాలుగు గంటలూ ఫోనులో ప్రార్థన చేసే క్రైస్తవ సేవ ఒకదాన్ని ఆరు నెలల పాటు వాడిన తరువాత ఈ అభిప్రాయం రాస్తున్నాను. ఆ సేవ పేరు రాయడం లేదు. ఇందులో నేను మెచ్చుకోబోయేదంతా అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న కొందరు వ్యక్తుల మంచితనం. ఎత్తిచూపబోయే లోపాలేమో, తరువాత నేను ప్రయత్నించిన మరో రెండు సేవల్లోనూ దాదాపు అలాగే కనిపించాయి కనుక ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయంగా తోచలేదు. రేపు ఏమవుతుందో తెలియని స్థితిలో ఉండి ఇలాంటి నంబరు కోసం వెతుక్కుంటున్నవారికి, అవతలి వైపు నుంచి ఏమి ఆశించవచ్చో, దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలో చెప్పడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

మా తమ్ముడు ఊపిరితిత్తుల జబ్బుతో పంతొమ్మిది రోజులు ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఉన్నాడు. అందులో పదకొండు రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నాడు. డాక్టరు గారు ఉదయం, సాయంత్రం వచ్చి చూసేవారు; రెండు పూటలా ఒకే మాట, ‘ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా’ అనేవారు. నేను పుట్టి పెరిగింది ప్రార్థన చేసుకునే ఇంట్లోనే. చిన్నప్పటి నుంచి ఉదయం లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు మోకరించడం అలవాటు. అయినా ఆ వార్డు బయట కుర్చీలో కూర్చున్నప్పుడు ‘స్తోత్రము తండ్రీ’ అన్న మొదటి మాట తరువాత నాకు రెండో మాట వచ్చేది కాదు. దేనికి స్తోత్రం చెప్పాలో తెలియక అక్కడే ఆగిపోయేదాన్ని. నాలుగో రోజు రాత్రి రెండు గంటలకు, ఎవరో ఎప్పుడో పంపిన సందేశంలో ఉన్న ఆ నంబరుకు ఫోను చేశాను.

ముందు ఒక రికార్డు చేసిన స్వాగత వాక్యం వినిపించింది. ఆ తరువాత రెండు నిమిషాలు ఎదురుచూడవలసి వచ్చింది. తరువాత నడివయసు స్త్రీ గొంతు ఒకటి పలికింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నా సమస్య ఏమిటని కాదు. “అమ్మా, మీరు కూర్చున్నారా, నిలబడి ఉన్నారా?” అని అడిగారు. నిలబడే ఉన్నానని అప్పుడు గానీ నాకు తెలియలేదు. కూర్చున్న తరువాత తమ్ముడి పేరు, నా పేరు, పక్కన ఎవరైనా తోడున్నారా అన్నది అడిగి తెలుసుకున్నారు. నాకు ప్రార్థన రావడం లేదని చెప్పాను. ఇలాంటి మాట సంఘంలో చెబితే వెంటనే ‘అలా అనకూడదు’ అని ఎవరో ఒకరు ఆపుతారు. ఆమె ఆపలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు కూడా. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. తరువాత బైబిలులోని పదమూడవ కీర్తన చదవడం మొదలుపెట్టారు.

ఆ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే ‘ఎన్నాళ్లు, ఎంతకాలం’ అన్న ప్రశ్నను దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతాడు భక్తుడు. నన్ను మరచిపోయావా, ముఖం తిప్పుకున్నావా అని సూటిగానే నిలదీస్తాడు. ఆ రెండు వచనాలు చదివి ఆమె ఆగి, “ఇవి మీ మాటలేనా అమ్మా?” అని అడిగారు. అవునన్నాను. “అయితే ఇవాళ్టికి మీరు ఇక్కడిదాకా ప్రార్థన చేస్తే చాలు. మిగతా నాలుగు వచనాలు మీ తరఫున నేను చదువుకుంటాను” అన్నారు. ఆ తరువాతి వచనాల్లో విన్నపం, నమ్మకం, చివరికి పాట కూడా ఉన్నాయి. వాటిని నా నోట బలవంతంగా పలికించకుండా, వదిలేయకుండా, తన మీద వేసుకున్నారామె. ఫోను పెట్టేసేసరికి తొమ్మిది నిమిషాలైంది. తమ్ముడి పరిస్థితిలో ఏ మార్పూ రాలేదు. నాలుగు రోజుల తరువాత మొదటిసారిగా నాకు ఏడుపు వచ్చింది.

ఈ ఒక్క ఫోను కాల్‌ను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి సేవ బాగుందా లేదా అన్నది, ‘వాళ్లు ప్రార్థన చేస్తే పని జరిగిందా’ అన్న కొలతతో తేల్చడం తప్పని నాకు అనిపిస్తుంది. కష్టంలో ఉన్న మనిషి దేవుని ముందు తనకు నిజంగా ఉన్న మాటను అనడానికి వాళ్లు తోడ్పడ్డారా, లేక ఆ మాటను మింగేలా చేశారా అన్నదే చూడాలి. బైబిలు ఈ విషయంలో మన సంఘాలకంటే చాలా ఉదారంగా ఉంటుంది. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి విలాప కీర్తనలే. వాటిలో చాలావరకు మొర పెట్టుకోవడంతో మొదలై నమ్మకంతో ముగుస్తాయి. ఎనభై ఎనిమిదవ కీర్తన మాత్రం అలా ముగియదు. అది చీకటిని తలచుకుంటూనే ఆగిపోతుంది. ఆ తరువాత ఓదార్పు వచనం ఒక్కటీ లేదు. అలాంటి ప్రార్థనను కూడా తీసివేయకుండా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే, ఆ స్థితిలో ఉన్నవారికి దేవుని ముందు చోటుందనే కదా అర్థం.

గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన కూడా ఇందుకు సాక్ష్యమే. ‘సాధ్యమైతే ఈ గిన్నె (రాబోయే శ్రమ) నాయొద్ద నుండి తొలగిపోనిమ్ము’ అన్న విన్నపం, ‘నీ చిత్తప్రకారమే కానిమ్ము’ అన్న సమర్పణ ఒకే ప్రార్థనలో పక్కపక్కనే ఉన్నాయి. మనం సాధారణంగా రెండోదాన్నే పట్టుకుని మొదటిదాన్ని త్వరగా దాటేస్తాం. మత్తయి సువార్త 26వ అధ్యాయం ప్రకారం ఆయన మూడుసార్లు వెళ్లి ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు. తోడు ఉండమని అడిగిన శిష్యులు నిద్రపోయారు. మర్నాడు సిలువ మీద ఆయన నోట వచ్చిన ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి’ అన్న కేక ఇరవై రెండవ కీర్తన మొదటి వచనమే. తనకు ముందు ఎవరో బాధతో రాసిపెట్టిన మాటలను ఆయన కూడా అరువు తెచ్చుకుని ప్రార్థించాడన్న సంగతి, వార్డు బయట కూర్చున్న ఆ రోజుల్లో నాకు ఏ ప్రసంగం కంటే ఎక్కువ ఆదరణ ఇచ్చింది.

సేవ పనిచేసే తీరు గురించి క్లుప్తంగా చెబుతాను. ఎవరితో మాట్లాడాలో మనం ఎంచుకోలేం. ఆ సమయానికి ఖాళీగా ఉన్నవారు ఎత్తుతారు. ఒక్కో కాల్‌కు పదిహేను నిమిషాల పరిమితి ఉంది గాని ఎవరూ మధ్యలో తుంచేయలేదు. అర్ధరాత్రి తరువాత రెండు మూడు నిమిషాల్లో దొరుకుతారు. సాయంత్రం వేళ ఇరవై నిమిషాలు కూడా పట్టవచ్చు. ఆరు నెలల్లో నేను ముప్ఫై ఒక్కసార్లు ఫోను చేశాను. మొదటి రోజు మాట్లాడిన ఆమె మళ్లీ ఒక్కసారే దొరికారు.

మిగిలినవారంతా ఆమెలాగే ఉంటే నేను ఈ అభిప్రాయం ఇక్కడితో ముగించేదాన్ని. ఏడో రోజు ఎత్తిన సహోదరుడు నా మాట సగంలో ఉండగానే ప్రార్థన మొదలుపెట్టారు. గొంతు పెంచి, ‘ఈ క్షణమే స్వస్థత జరిగిపోయింది’ అని ప్రకటించి, నన్ను కూడా అదే మాట మూడుసార్లు పలకమన్నారు. నేను తడబడ్డాను. “సందేహించకండి సిస్టర్, సందేహిస్తే అడ్డు పడతారు” అన్నారు. ఆ రాత్రి నాలుగు గంటలకు తమ్ముడి ఆక్సిజన్ స్థాయి పడిపోయింది. నర్సులు పరుగులు తీస్తుంటే నేను గోడకు ఆనుకుని, నా సందేహం వల్లే ఇలా అయిందని నమ్మాను. తెల్లవారేదాకా నమ్మాను. ఆ సహోదరుడికి ఏ దురుద్దేశమూ లేదని నాకు తెలుసు. ఆయన కూడా మనస్ఫూర్తిగానే చేశారు. కానీ ఒక మనిషి ప్రాణం తన మనసులోని అనుమానం మీద ఆధారపడి ఉందన్న భారం అప్పటికే కుంగిపోయిన మనిషి మీద వేయడం క్రూరత్వమే అవుతుంది.

అది వాక్యానికి కూడా విరుద్ధం. మార్కు సువార్త 9వ అధ్యాయంలో రోగియైన కొడుకును తీసుకొచ్చిన తండ్రి, నమ్ముతున్నానని చెప్పిన నోటితోనే తన అపనమ్మకం విషయంలో సహాయం చేయమని వేడుకుంటాడు. ముందు పూర్తిగా నమ్మి రమ్మని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. ఇక అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధిస్తున్న ఒక బాధ, తొలగించమని మూడుసార్లు ప్రభువును వేడుకున్నట్టు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయంలో తానే రాసుకున్నాడు. ముల్లు తొలగలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా?

ఒకసారి ఫోను చేసినవారందరికీ రోజూ ఉదయం ఒక వాగ్దాన వచనం సందేశంగా వస్తుంది. చాలామందికి ఇది ఇష్టమని తెలుసు గనుక కొంచెం ఆలోచించే రాస్తున్నాను. మొదటి వారంలోనే నాకు రెండుసార్లు వచ్చిన వచనం యిర్మీయా 29:11, అంటే దేవుడు మన విషయంలో తలచేవి సమాధానకరమైన తలంపులే గాని హానికరమైనవి కావన్న మాట. అది గొప్ప వచనమే. అయితే అది బబులోనుకు చెరగా పోయిన జనానికి యిర్మీయా రాసి పంపిన ఉత్తరంలోని వాక్యం. దానికి ముందున్న పదో వచనంలో, ఆ విడుదల డెబ్బై సంవత్సరాలు నిండాకే అని స్పష్టంగా ఉంది. ఆ ఉత్తరం అందుకున్నవారిలో చాలామంది ఇంటికి తిరిగి రావడం చూడకుండానే చనిపోయి ఉంటారు. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థన చేయండి అని అదే ఉత్తరంలో పైన చెప్పాడు ప్రవక్త. పదో వచనాన్ని కత్తిరించి పదకొండో వచనాన్ని మాత్రమే పూల బొమ్మ మీద అచ్చువేసి పంపితే, ‘ఇంకో వారంలో అంతా సర్దుకుంటుంది’ అన్న అర్థం వస్తుంది. రెండు వచనాలూ కలిపి పంపి ఉంటే, ఎప్పుడు ముగుస్తుందో తెలియని కష్టంలో ఈ రోజును ఎలా గడపాలో చెప్పే మాటగా అది నాకు ఉపయోగపడేది.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:6-7 వచనాలు కూడా ఒక రోజు వచ్చాయి. అవి మాత్రం నాకు సరిగ్గా ఆ రోజుకు సరిపోయాయి. పౌలు బంధకాల్లో ఉండి రాసిన మాటలవి. దేన్ని గురించీ చింతపడక విన్నపాలు దేవునికి తెలియజేయమన్న తరువాత, అడిగినదల్లా దొరుకుతుందని అక్కడ లేదు. దేవుని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుందని మాత్రమే ఉంది. ఆ కాపలా ఎలా ఉంటుందో నాకు కొద్దిగా తెలుసు. పద్నాలుగో రోజున డాక్టరు గారు సంతకం కోసం కాగితం తెచ్చినప్పుడు నా చేయి వణకలేదు.

ఈ సేవలో నేను అందరికీ ధైర్యంగా సిఫారసు చేయగలిగింది వారి రాత్రి ప్రార్థన రికార్డింగు. నంబరుకు ఫోను చేసి రెండు నొక్కితే వస్తుంది. పద్నాలుగు నిమిషాలు ఉంటుంది. సంగీతం లేదు, గొంతులో నాటకీయత లేదు. నాలుగవ కీర్తన, తొంభై ఒకటవ కీర్తన, నూట ముప్ఫై నాలుగవ కీర్తన వరుసగా చదువుతారు. తరువాత ప్రభువు నేర్పిన ప్రార్థన, ఆ పైన ఒక నిమిషం మౌనం ఉంటాయి. మొదటిసారి ఆ మౌనం వచ్చినప్పుడు ఫోను కట్ అయిందనుకుని చెవి దగ్గర నుంచి తీసి తెర చూశాను. ఈ మూడు కీర్తనలను వాళ్లు ఏదో తోచి ఎంచుకోలేదు. ఆరవ శతాబ్దంలో సన్యాసి మఠాల కోసం బెనెడిక్ట్ రాసిన నియమావళిలో పడుకోబోయే ముందు చేసే ప్రార్థనకు నిర్ణయించిన కీర్తనలు ఇవే. మిగతా ప్రార్థన వేళల్లో చాలా కీర్తనలు రోజును బట్టి మారుతుంటే, ఈ మూడూ మాత్రం ప్రతి రాత్రీ మారకుండా ఉండేవి. అలసిన మనిషికి కొత్తదనం అవసరం లేదని, తెలిసిన మాట మళ్లీ చెవిన పడితే చాలని వారికి అనుభవం మీద తెలిసి ఉండాలి.

తొంభై ఒకటవ కీర్తనను గురించి ఒక మాట చెప్పాలి. ఆపద దగ్గరికి రాదని, దేవదూతలు చేతులతో ఎత్తుకుంటారని చెప్పే ఆ కీర్తనను ఆపదలో ఉన్నవారు తాయెత్తులాగా వాడుకోవడం నేను చాలాచోట్ల చూశాను. అదే కీర్తనలోని వచనాన్ని చూపించి దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని యేసును శోధించింది అపవాది అని మత్తయి 4:6లో ఉంది. ఆ రికార్డింగులో కీర్తన చదవడానికి ముందు, “ఈ రాత్రి ఆపద వచ్చిన ఇళ్లను కూడా తలచుకుంటూ చదువుదాం” అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం రాసినదెవరో గాని వారికి నేను కృతజ్ఞురాలిని. సొంత మాటలు కరువైనప్పుడు ఇతరులు సిద్ధం చేసిన మాటలతో ప్రార్థన చేయడం తక్కువ రకం ప్రార్థన అని మనలో కొందరికి అభిప్రాయం ఉంది. నాజీల కాలంలో బెర్లిన్‌లోని టెగెల్ చెరసాలలో ఉన్న జర్మన్ పాస్టరు దీట్రిచ్ బొన్‌హోఫర్ 1943 క్రిస్మస్ సమయంలో తోటి ఖైదీల కోసం ప్రార్థనలు రాసి ఇచ్చాడు. మరణం ఎప్పుడు పిలుస్తుందో తెలియని మనుషులకు మరొకరు రాసిన మాటలు ఎంత అవసరమో ఆయనకు తెలుసు. నాకూ ఆ పంతొమ్మిది రోజుల్లోనే తెలిసింది.

ఆన్‌లైన్‌లో వారానికొకసారి జరిగే సామూహిక ప్రార్థన నాకు సరిపడలేదు. నేను హాజరైన మొదటి రోజే, రెండు వందల మందికి పైగా ఉన్న ఆ కూడికలో మా తమ్ముడి పూర్తి పేరు, ఉన్న వార్డు, జబ్బు వివరాలు చదివి వినిపించారు. అందుకు నన్ను ఎవరూ అడగలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో జబ్బు సంగతి దాచుకుంటున్న మనిషి వాడు. ఫిర్యాదు చేశాను. నాలుగు రోజుల తరువాత క్షమాపణ చెప్పారు. ఆ పై నెల నుంచి, కూడికలో పేరు చదవవచ్చా అని ఫోనులోనే ముందుగా అడగడం మొదలుపెట్టారు. తప్పు దిద్దుకోవడం మంచిదే గాని, ఇది ఎవరో చెబితే తెలుసుకోవలసిన విషయం కాదు.

డబ్బు విషయంలో ఒక మంచీ ఒక చెడూ ఉన్నాయి. ఫోనులో ఎవరూ ఒక్కసారి కూడా కానుక మాట ఎత్తలేదు. అయితే ప్రతి కాల్ తరువాత వచ్చే కృతజ్ఞతా సందేశం చివర కానుక పంపడానికి లింకు ఉంటుంది. తమ్ముడి బతుకు మీద ఆశ ఒక్కో గంటకు ఒక్కోలా ఉన్న రోజుల్లో ఆ లింకు చూసినప్పుడల్లా, పంపకపోతే ఏమవుతుందో అన్న పిచ్చి ఆలోచన వచ్చేది. పంపాను కూడా, రెండుసార్లు. నెలకొకసారి విడిగా అడిగితే నేను సంతోషంగా ఇచ్చి ఉండేదాన్ని.

మూడో నెలలో ఒక ఫారం వచ్చింది. ‘మీ ప్రార్థనా విజ్ఞాపన’ అన్న శీర్షిక కింద రెండే గడులు ఉన్నాయి: ‘జవాబు వచ్చింది’, ‘ఇంకా రాలేదు’. మొదటి గడిలో గుర్తు పెడితే సాక్ష్యం రాయడానికి మరో పేజీ తెరుచుకుంటుంది. ఆ ఫారం ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. తమ్ముడు బతికాడు. ఇంటికి వచ్చాడు. మెట్లు ఎక్కలేడు; రాత్రిళ్లు ఆక్సిజన్ యంత్రం పెట్టుకుంటాడు; పాత ఉద్యోగానికి వెళ్లగలడో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పక్క మంచం మీద ఉన్న కుర్రవాడు పదహారో రోజున పోయాడు. అతని తల్లి నా పక్క కుర్చీలోనే కూర్చుని, నాకంటే ఎక్కువ విశ్వాసంతో, ఉపవాసముండి ప్రార్థన చేసింది. ఆమె ఒకవేళ చదువుతుందేమో అనుకుంటే, ‘దేవుడు నా ప్రార్థన విన్నాడు’ అని ఆ పేజీలో ఎలా రాయను? ఆయన ఆమెది వినలేదని రాసినట్టు కాదా? కృతజ్ఞత లేక కాదు, ఆ రెండు గడుల్లో నా కృతజ్ఞత పట్టలేదు. ఫారం నింపకుండానే పంపి, మూడో గడి ఒకటి పెట్టమని, దానికి ‘ఇంకా ప్రార్థన చేస్తున్నాను’ అని పేరు పెట్టమని రాశాను. జవాబు రాలేదు.

వైద్యానికీ, మానసిక వైద్యుల సలహాకూ ఇది ప్రత్యామ్నాయం కాదు. నేను మాట్లాడిన వాలంటీర్లలో మంచివారు ఆ సంగతి తామే చెప్పారు; ఒకరైతే నిద్ర పట్టక నేను మాట్లాడుతున్న తీరు చూసి, ముందు డాక్టరును కలిసి ఆ తరువాతే మళ్లీ ఫోను చేయమని గట్టిగా చెప్పారు. అద్భుతం జరుగుతుందన్న హామీ కావాలనుకునేవారికి అక్కడ హామీ ఇచ్చేవారు కూడా దొరుకుతారు. దయచేసి అలాంటి కాల్‌ను మర్యాదగా ముగించి, మళ్లీ ప్రయత్నించండి. సరైన గొంతు దొరికేదాకా ప్రయత్నించవచ్చు. నాకు ముప్ఫై ఒక్క కాల్స్‌లో పన్నెండు మంచివి; మూడు నాకు హాని చేశాయి; మిగతావి గుర్తు లేవు.

ఉదయం సందేశాలు ఆపేయించాను. ఆన్‌లైన్ కూడికకు వెళ్లడం లేదు. రాత్రి ప్రార్థన మాత్రం ఇప్పటికీ వింటాను. ఈ మధ్య తమ్ముడు కూడా వింటున్నాడు. యంత్రం చప్పుడులో మాటలు సరిగ్గా వినబడవని ఫోను దిండు మీద, మా ఇద్దరి మధ్య పెట్టుకుంటాం. మౌనం వచ్చినప్పుడు యంత్రం ఒక్కటే వినబడుతుంది.